సాక్షి నంబరు రెండు

మొన్న మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి నా ఫోనుకు నలభై ఒక్క పేజీల తీర్పు వచ్చింది. గుండె పరీక్ష చేసే ఈసీజీ యంత్రపు తీగల మీద ఒక కంపెనీ తీసుకున్న పేటెంటు నిలుస్తుందా, నిలవదా అని పేటెంటు ఆఫీసు ఇచ్చిన తీర్పు. అందులో నేను సాక్షి నంబరు ఒకటి. మా ఆస్పత్రి వైర్‌మన్ సాక్షి నంబరు రెండు. మొదటి పేజీలో సాక్షుల పట్టికలో కూడా అతని పేరు లేదు, నంబరే ఉంది. వాళ్ళకు అక్కర్లేని పేరు నాకూ అక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే అతను ఏనాడూ పలకలేదు కూడా. "వైరూ" అంటే పలికేవాడు.

చివరి పేజీ తిప్పితే తీర్పు ఎటు పోయిందో తెలిసిపోతుంది. డెబ్బై మూడేళ్ళు వచ్చినా నేను ఏ కాగితాన్నీ చివరి నుంచి చదవలేదు. మూడో పేజీకి వచ్చేసరికి అతను మరీ గుర్తొచ్చాడు. ఫోను బోర్లించి ఇది రాయడం మొదలుపెట్టాను. అతను పోయి ఆ రోజుకు నూట పన్నెండు రోజులు.

అరకు నుంచి బొర్రా వెళ్ళే దారిలో మాది ముప్ఫై పడకల మిషన్ ఆస్పత్రి. నేను అక్కడ ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేశాను, చివరి పదకొండేళ్ళు హెడ్ నర్సుగా. రిటైరయ్యాక కూడా క్వార్టరు ఖాళీ చేయించలేదు, వార్డు పనికీ పిలుస్తూనే ఉన్నారు. నా మీద ప్రేమతో కాదు, నా డైరీల్లో ఏముందో నాకు తప్ప ఎవరికీ తెలియదు కనుక. వైరు జి.మాడుగుల అవతలి కొండల వాడు. కరెంటు స్తంభాలకు గోతులు తవ్వడానికి వచ్చి, గోతులు పూడ్చాక తీగతోపాటు ఇక్కడే ఉండిపోయాడు.

బాగుచేసే వస్తువు వంక అతను చూసేవాడు కాదు. తల పైకెత్తి కప్పుకేసి చూస్తూ, వేళ్ళతో తడుముతూ చేసేవాడు. కొత్త డాక్టర్లు భయపడేవారు. ఒకావిడ అడిగేసింది, కళ్ళు కనబడవా అని.

"కనబడతాయమ్మా. సూత్తే ఎర్ర తీగ ఎర్రగా ఉంటాది. ఎర్రగా ఉంటే బాగున్నట్టేటి?" అన్నాడు.

యంత్రాలన్నీ అతనికి చుట్టాలు. జనరేటరు మావ, ఎంత పోసినా తాగుతుంది. ఎక్స్‌రే మిషను వియ్యంకుడు, మర్యాద చాలకపోతే అలిగి కూర్చుంటుంది. ఈసీజీ యంత్రం అల్లుడు. "అల్లుడికి ఒల్లు బాగోనేదు సిస్టరమ్మా, ఇయ్యాల ఎవుల్నీ ముట్టుకోనీకు" అనేవాడు. మరి మా సూపరింటెండెంటుగారు ఏమవుతారయ్యా అని ఒకసారి అడిగాను.

"ఆయన సుట్టం కాదమ్మా. స్విచ్చిబోర్డు మీద సిన్న దీపం. కరెంటు ఉన్నప్పుడు ఎలుగుద్ది."

నాకూ అతనికీ ఉన్న తగవు తేదీల దగ్గరే. ఏ పని ఎప్పుడు చేశావంటే, కాఫీ రెండుసార్లు పూసిన ఏడు అనేవాడు, లేదా వంతెన కొట్టుకుపోయిన వానలప్పుడు అనేవాడు. నేను డైరీ తెరిచి ఆ కాఫీనీ ఆ వంతెననీ తేదీల్లోకి దించేదాన్ని. "రాసీసినావా? అయితే జరిగినట్టే" అనేవాడు. అది వెక్కిరింత అని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఒక్క తేదీ మాత్రం ఇద్దరికీ ఒకేలా గుర్తు. జూన్ పన్నెండు. గుండెనొప్పితో ఒక బడి పంతులుగారిని జీపులో తెచ్చారు. ఈసీజీ తీగలు పది ఉంటాయి. ఆరు ఛాతీకి, రెండు చేతులకు, రెండు కాళ్ళకు. ఆ రోజు పదీ పీచులాగా చిక్కుపడి ఉన్నాయి. నేనూ ఇంకో నర్సూ విడదీస్తూ కూర్చున్నాం. ఏడు నిమిషాలు. తీగలు తగిలించేటప్పటికి యంత్రం గీయడానికి ఏమీ మిగల్లేదు. ముందే తగిలించినా బతికేవారు కాదని డాక్టరుగారు చెప్పారు. అయి ఉండవచ్చు. నేను ఏడు నిమిషాలు అని రాసుకున్నాను. వైరు గుమ్మంలో టార్చి పట్టుకుని నిలబడి అంతా చూశాడు. వెళ్తూ, "అల్లుడు పరువు తీసీసినాడు" అని మాత్రం అన్నాడు.

మర్నాటి నుంచి తీగల వెంట పడ్డాడు. ముందు పదింటినీ సెలైను గొట్టంలోంచి దూర్చాడు. అది చచ్చిన పాములా బిర్రబిగుసుకుని మంచం మీద నిలవలేదు. తర్వాత ప్లాస్టరు చుట్టాడు. వానలకు జిగురు కారి చీమలు పట్టాయి. ఆడపిల్లకు వేసినట్టు జడ వేశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కాని ఒక్క తీగ కావాలంటే జడంతా విప్పాలి. సైకిలు ట్యూబు కోసి ఉంగరాలు తొడిగాడు, చలికాలానికి పగిలిపోయాయి. గోడకు పది మేకులు కొట్టి తీగకొక మేకు కేటాయించాడు. మా నర్సులు ఆ మేకులకు గొడుగులు తగిలించారు. ఒక్కోటీ ఎన్నాళ్ళు నిలిచిందో డైరీలో ఉంది. అన్నిటికంటే ఎక్కువ నిలిచింది మేకులే, ఇప్పటికీ గొడుగులకు పనికొస్తున్నాయి.

తర్వాత ఒక ఫిబ్రవరిలో, ఇరవై మూడో తారీకున, పని మానేసి మధ్యాహ్నమే ఇంటికి పోయినవాడు అరగంటలో పరుగున వచ్చాడు. భార్య దగ్గర లాక్కున్న దారపు ఉండ చేతిలో ఉంది. ఆవిడ కొండ చీపుర్లు కట్టి సంతలో అమ్ముతుంది. అందరిలా పుల్లలన్నీ గుప్పిట పట్టి చుట్టదు. పుల్ల పక్కన పుల్ల పరిచి, దారాన్ని మీదుగా కిందుగా పోనిస్తూ చాపలా అల్లి, ఒక్కో పుల్లనూ ఒక్కో ఎత్తులో వదిలేస్తుంది. ఏ పుల్లా రెండోదానికి అడ్డం రాదు. వైరు నేల మీద కూర్చుని, కప్పుకేసి చూస్తూ, పది తీగలనూ అలాగే అల్లాడు. ఛాతీ తీగలు ఒకటి నుంచి ఆరు దాకా వరసలో ముందు విడిపోయాయి, తర్వాత చేతులవి, చివర కాళ్ళవి. అరచేతి వెడల్పు పట్టీ. మంచం మీద పరిస్తే దేని చోటికి అది వెళ్ళి పడింది. నేను గడియారం పెట్టి చూశాను. పదీ తగిలించడానికి యాభై సెకన్లు.

"ఎన్నాల్లు పట్టినాది సిస్టరమ్మా?" అని అడిగాడు.

లెక్క చూసి చెప్పాను. అయిదేళ్ళ ఎనిమిది నెలల పదకొండు రోజులు.

"మా ఆడదానికి సెప్పకు. నవ్వుద్ది" అన్నాడు.

మాకు తీగలు చేసి ఇచ్చేది విశాఖలో ఒక చిన్న వర్క్‌షాపు. దాని యజమాని ఒకసారి సరుకు దింపడానికి వచ్చి ఆ పట్టీ చూశాడు. చాలాకాలం మరిచిపోయాడు. తర్వాత ఎప్పుడో గుర్తొచ్చి, దారం బదులు తీగల పైతొడుగునే కాస్త కరిగించి పక్కపక్కన అతికించి, పట్టీలు చేసి కొండ మీది ఆస్పత్రులకు అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన మొదలుపెట్టేటప్పటికే ఎక్కడో ఒక పెద్ద కంపెనీ అచ్చం అదే పట్టీకి పేటెంటుకు దరఖాస్తు పెట్టి ఉంది. పేటెంటు వచ్చాక నోటీసు పంపింది, ఆపెయ్యమని. ఆయన ఆపలేదు, ఆ పేటెంటు కొట్టెయ్యాలని అర్జీ పెట్టాడు. అలా ఆయన తరఫు లాయరు, పాతికేళ్ళ అమ్మాయి, తెల్ల బూట్లతో మా ఎర్రమట్టిలో దిగింది.

వరండాలో కుర్చీలు వేశాం. ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. మా దారం పట్టీ కంపెనీ దరఖాస్తుకు నాలుగేళ్ళ ముందుది, నా డైరీలే సాక్ష్యం. కాని తలుపేసిన వార్డులో నలుగురు నర్సులకు తెలిసింది లోకానికి తెలిసినట్టు కాదని కంపెనీ వాదిస్తుంది. కాబట్టి ఇంకో దారి కూడా పట్టాలి.

"చట్టంలో ఒక మనిషి ఉంటాడండీ. తన వృత్తిలో పనంతా వచ్చు. చదవాల్సినవన్నీ చదివేశాడు. సొంత ఊహ మాత్రం ఒక్కటీ రాదు. మామూలు పనివాడు అంటాం. అతనికి ఇట్టే తట్టేసే సంగతైతే దానికి పేటెంటు ఇవ్వకూడదు."

"అన్నీ సదివినోడు, ఒక్కటీ తట్టనోడు" అన్నాడు వైరు కప్పుకేసి చూస్తూ. "ఉన్నాడమ్మా మా కాడ. మేడ మీద గది. పిలుత్తునా?"

ఆ అమ్మాయికి మా సూపరింటెండెంటుగారు తెలియరు కనుక నవ్వలేదు. "ఆ మామూలు పనివాడు మీరే అని చెప్పాలండీ. మీలాంటి వాళ్ళెవరికైనా ఇది ఇట్టే తడుతుందని ఒక్క ముక్క" అంది.

వైరు కప్పు మీంచి చూపు దించాడు. మనుషుల ముఖంలోకి అతను చూడటం నేను అరుదుగా చూశాను.

"నానా? ఆర్డినరీ బస్సునేటమ్మా నాను, సెట్టు సెట్టుకీ ఆగడానికి?"

లేచి వెళ్ళిపోయాడు. పంతొమ్మిది రోజులు ఆ మాట ఎత్తనివ్వలేదు. వర్క్‌షాపు యజమాని స్వయంగా వచ్చాడు. తన దగ్గర ఎనిమిది మంది పనిచేస్తారనీ, ఆరుగురు ఆడవాళ్ళేననీ, ఈ పట్టీలు ఆగిపోతే షాపు మూసుకోవాలనీ చెప్పి కాఫీ తాగి వెళ్ళాడు. నేనూ ఒకసారి మందలించాను, ఒక్క ముక్కకు ఇంత బిగుసుకోవాలా అని.

"సిస్టరమ్మా, నువ్వు ఇన్ని పుస్తకాలు రాసినావు. నాను ఈ బతుక్కి సేసింది ఒక్కటే. అది ఎవుడైనా సేసీసేదే అని నాసేతే సంతకం పెట్టిత్తారేటి?"

ఆఖరికి జరిగింది జరిగినట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. మామూలు పనివాణ్ణి అన్న వాక్యం మాత్రం లాయరు అమ్మాయి చేతనే అడ్డంగా కొట్టించాడు. విచారణలో అడిగితే ఏం చెబుతారో మీ ఇష్టం అని ఆ అమ్మాయి పెన్ను మూసేసింది.

విచారణ వీడియోలో. పట్నం డాక్టర్లు తెర మీద రోగుల్ని చూసే గది మాకొకటి ఉంది. అందులో కూర్చున్నాం. తెర మీద విచారణ అధికారి, రెండు పక్షాల లాయర్లు, ఒక దుబాసీ. నన్ను నలభై నిమిషాలు అడిగారు. తేదీలు కనుక నాకు ఇబ్బంది లేదు. తర్వాత వైరు. వచ్చీ రాగానే కెమెరా వంక కాక కప్పుకేసి చూడటంతో, పైన ఎవరైనా ఉండి సమాధానాలు అందిస్తున్నారా అని కంపెనీ లాయరు అభ్యంతరం చెప్పాడు. మా నర్సు కెమెరా తిప్పి కప్పు చూపించింది. ఒక బల్లి ఉంది.

"ఈ కట్టు కనిపెట్టడానికి మీకు ఎంతకాలం పట్టింది?" కంపెనీ లాయరు అడిగాడు.

"అయిదేల్ల ఎనిమిది నెలల పదకొండు రోజులు. సిస్టరమ్మ రాసినాది."

లాయరుకు పండగే అయింది. "అంటే ఇట్టే తట్టే విషయం కాదన్నమాట."

"అన్నాల్లూ వైర్‌మన్నై ఆలోసించినాను బాబూ. ఆ దినం మా ఆడది సీపురు కడతంటే సూసినాను. సూసినాక ఒక నిమసం."

"అయితే మామూలు వైర్‌మన్‌కు తట్టదనే కదా?"

"వైర్‌మన్‌కి తట్టదు. మామూలుగా సీపురు కట్టేదానికి తట్టీసుద్ది."

మా లాయరు అమ్మాయి తెర మీద నుదురు పట్టుకుంది. విచారణ అధికారి అంతదాకా ఏదో రాసుకుంటున్నవాడు తలెత్తాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మిమ్మల్ని మీరు ఈ పనిలో మామూలు పనివాడు అనుకుంటారా, అంతకంటే ఎక్కువా?"

నేను పక్కనే ఉన్నాను. వైరు కుడిచేతి వేళ్ళు బల్ల కింద తీగలు అల్లుతున్నట్టు కదిలాయి. సంకేతం పోయిందేమోనని దుబాసీ హలో హలో అన్నాడు.

"మామూలోణ్ణే బాబూ" అన్నాడు. "ఇంకా ఒక మెట్టు కిందే ఏసుకోండి. అయిదేల్లు పట్టినాది కదేటి."

బయటికొచ్చాక ఎందుకలా చెప్పావని అడిగాను. మెట్ల మీద కూర్చుని చెప్పులు విదిలించుకున్నాడు.

"ఆ షాపులో ఆరుగురు ఆడోల్లు నేల మీద కూకుని అతుకుతారంట. మా ఆడది కూకున్నట్టే. మరేటి సేత్తాను." లేస్తూ, "ఇది రాయకు" అన్నాడు.

రాశాను. సాయంత్రం నాలుగూ ఇరవై.

తీర్పు రాకముందే అతనికి జ్వరం వచ్చింది. మూడు రోజులు. మా వార్డులోనే, కిటికీ పక్క మంచం. మూడో రోజు డాక్టరుగారు ఈసీజీ తియ్యమన్నారు. దారం పట్టీ తెచ్చాను. పాత దారం పుచ్చిపోతే ఆ మధ్య నేనే మళ్ళీ కట్టాను. ఒక్కో తీగా తగిలిస్తుంటే కళ్ళు మూసుకునే ఉన్నాడు. వేళ్ళు మాత్రం ఛాతీ మీద తడిమాయి.

"మూడోది వదులైపోనాది. ఎవులు కట్టినారు?"

"నేనే కట్టాను."

"బాగుంది. కట్టినోల్ల పేరు కూడా రాసుకో."

నాతో అన్న చివరి మాట అది. సాయంత్రానికి పోయాడు. నూట పన్నెండు రోజులు అన్నది అక్కడి నుంచి లెక్క.

ఇంత రాశాక ఫోను తిప్పి మిగతా పేజీలు చదివాను. వార్డులో వాడింది లోకానికి తెలిసినట్టు కాదన్నారు. ముప్ఫై మూడో పేరాలో ఇలా ఉంది: "సాక్షి నంబరు రెండు తాను మామూలు పనివాణ్ణనీ, ఒక మెట్టు తక్కువ వాణ్ణనీ చెప్పుకున్నాడు. ఈ మాటను అంగీకరించలేము. చీపురు కట్టు చూసి గుండె పరీక్ష తీగలకు దారి కనుక్కోవడం మామూలు పనివాడు చేసే పని కాదు. చట్టం చెప్పే మామూలు పనివాడికి ఉండకూడని ఊహాశక్తి ఈ సాక్షికి ఉంది. కనుక ఇతనికి తట్టినంత మాత్రాన అందరికీ తడుతుందని చెప్పలేము." పేటెంటు నిలిచింది. మేం ఓడిపోయాం. ప్రమాణం చేసి అతను చెప్పిన ఒకే ఒక్క అబద్ధాన్ని ప్రభుత్వం పట్టేసింది.

ఆ రాత్రే కంపెనీ పేటెంటులోని మొదటి క్లెయిము, అంటే ఏది తమ సొంతమో చెప్పే వాక్యం, మళ్ళీ చదివాను, పదం పదం. "కరిగించి అతికించిన" అని ఉంది. దారం అన్న మాట లేదు. లాయరు అమ్మాయికి ఫోను చేస్తే, "దారంతోనే కట్టుకుంటే మిమ్మల్నెవరూ ఏమీ అనలేరు" అంది. వర్క్‌షాపు యజమాని తీగలు విడివిడిగానే అమ్ముతానన్నాడు, పెట్టెకొక దారపు ఉండ పెట్టి. ఆరుగురూ పనిలోనే ఉంటారు. కట్టుకోవడం ఆస్పత్రుల వంతు. అంటే ముందు నావంతు, నా మూడో ముడేమో వదులు.

గురువారం పది తీగలూ సంచీలో వేసుకుని వైరు ఇంటికి వెళ్ళాను. అతని భార్య వాకిట్లో చీపుర్లు కడుతోంది. నోట్లో చుట్ట, నిప్పు లోపలికి పెట్టుకుని. ముప్ఫై మూడో పేరా తెలుగులో రెండుసార్లు చదివి వినిపించాను.

ఆవిడ చుట్ట తీసింది. "గెలిసినామేటి, ఓడిపోనామేటి?"

"ఓడిపోయాం. కాని మామూలు మనిషి కాదని రాశారు."

"ఆ ముక్క నానెప్పుడో సెప్పీదాన్ని. ఉప్పు తెమ్మంటే ఫీజు తీగ తెచ్చీవోడు." ఇంకో పుల్ల పరిచింది. "మరి నన్నేటన్నారు?"

ముందు పేజీలకు వెళ్ళాను. ఇరవై తొమ్మిదో పేరాలో ఉంది. చదవకుండా ఉండాల్సింది, కాని అడిగితే చదవకుండా ఉండటం నాకు చేతకాదు. "చీపురు ఇంటి వాడకపు వస్తువు. వైద్య యంత్రాల తీగలతో దానికి ఏ సంబంధమూ లేదు." ఆవిడ గురించి ఇంకేమీ లేదు.

ఆవిడ నవ్వింది. ముక్కులోంచి పొగ వచ్చేదాకా నవ్వింది. తర్వాత చెయ్యి చాపింది. "ఏదీ, ఇలాగియ్యి ఆ ఏ సంబంధమూ నేని తీగలు."

తీగలు ఒళ్ళో పరుచుకుని, కుక్కను తోలుతూ, నాతో మాట్లాడుతూ పట్టీ అల్లేసింది. పదకొండు నిమిషాలు. మూడో తీగ విడిపోయే చోట దారాన్ని వెనక్కి మళ్ళించి తన కిందుగానే దూర్చింది. నేను తప్పు చేసింది అక్కడే.

"ఇదేటి పెద్ద సంగతమ్మా" అంది, ముడి పళ్ళతో కొరికి. "ఎవులికైనా వొచ్చీసుద్ది."

నాకు ఆ ఒక్క ముడి రావడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. రాసుకున్నాను, కట్టినవాళ్ళ పేరుతో సహా.